గ్లూకోజ్ తాగొచ్చు, ఎక్కించుకోకూడదు: డోపింగ్ గీత కదిలిన తీరు

హనుమకొండ జేఎన్ఎస్ స్టేడియంలో ఎండకు సొమ్మసిల్లిన రన్నర్ గ్లూకోజ్ కలుపుకొని తాగితే తప్పులేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర అదే గ్లూకోజ్ సీసా ఎక్కించుకుంటే డోపింగ్. నరంలోకి 12 గంటల్లో 100 మిల్లీలీటర్లు దాటి ఏ ద్రవమూ పోకూడదన్నది 2018 నుంచి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిబంధన. సీసాలో ఉండేది 500. సెలైన్ రక్తాన్ని, మూత్రాన్ని పలచన చేసి అసలు మందు జాడను కప్పేస్తుంది, అందుకే ఈ కట్టడి. ఆసుపత్రి చికిత్సకు మినహాయింపు ఉంది. ప్రతి కోచ్ మొదటి రోజే చెప్పాల్సిన సంగతి ఇది.

పోషణకూ డోపింగ్‌కూ మధ్య గీత మొదటినుంచీ ఇక్కడే లేదు. 1967 టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెంలో యాంఫెటమిన్లనే ఉత్తేజక మందులు మింగిన బ్రిటన్ సైక్లిస్టు టామ్ సింప్సన్ కొండదారిలో కూలి చనిపోయాడు. మరుసటి ఏడు ఒలింపిక్స్‌లో పరీక్షలు మొదలయ్యాయి. స్టెరాయిడ్ల పరీక్ష 1976లో గానీ రాలేదు. కెఫీన్ అయితే 2003 దాకా మిల్లీలీటరు మూత్రంలో 12 మైక్రోగ్రాములు దాటితే నేరం, 2004 జనవరి 1 నుంచి కాదు. ఇవాళ 60 కిలోల రన్నర్ పోటీకి గంట ముందు 180 మిల్లీగ్రాములు తీసుకుంటే అది పోషణే. కండరాల శక్తికి వాడే క్రియాటిన్‌ను ఎన్నడూ నిషేధించలేదు, రోజుకు 3 నుంచి 5 గ్రాములు చాలు.

చిక్కంతా సప్లిమెంట్ డబ్బా మీద రాయని వాటితోనే. 2000-01లో 13 దేశాల్లో కొన్న 634 సప్లిమెంట్లను జర్మనీలోని కొలోన్ డోపింగ్ ల్యాబ్ పరీక్షిస్తే 94 డబ్బాల్లో లేబుల్‌పై లేని హార్మోన్ పదార్థాలు బయటపడ్డాయి. 2011లో మన 4×400 రిలే అమ్మాయిలు స్టెరాయిడ్లతో పట్టుబడ్డారు, కోచ్ ఇచ్చిన జిన్‌సెంగ్‌లోనే కల్తీ ఉందన్నారు. అయినా అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం వాళ్ల నిషేధాన్ని ఏడాది నుంచి రెండేళ్లకు పెంచింది. ఒంట్లో దొరికినదానికి పూచీ ఆటగాడిదే, ఎవరిచ్చారన్నది తర్వాతి మాట. పేదింటి పిల్లలకు ఇది కఠినమైన నియమమే, కానీ ఇది లేకుంటే పట్టుబడ్డ ప్రతివాళ్లూ డబ్బా మీదికే నెట్టేస్తారు.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు ఆహార భద్రతకు సంబంధించినది, డోపింగ్ పరీక్ష జరిగిందనడానికి గుర్తు కాదు. ప్రొటీన్ పొడి తప్పదనుకుంటే బ్యాచ్‌వారీగా పరీక్షించిన ముద్ర ఉన్నదే కొనాలి. బిల్లు, బ్యాచ్ నంబరు దాచాలి, అదే బ్యాచ్‌లో సీలు తీయని డబ్బా ఒకటి పక్కన పెట్టాలి. కల్తీ జరిగిందని నిరూపించడానికి అప్పుడు ఆధారం ఉంటుంది, శిక్షా తగ్గొచ్చు. మందుల షాపులో దగ్గు సిరప్ అడిగేటప్పుడు శ్వాసనాళాలను సడలించే టెర్బుటలిన్ అనే మందు లేనిది కావాలని చెప్పాలి. అది పోటీల్లోనే కాదు, సాధన రోజుల్లోనూ నిషిద్ధం.