దుంగలకు కాసిన బాతులు

ఐర్లండ్ పడమటి తీరానికి, ముఖ్యంగా మేయో ప్రాంతంలోని ఇనిష్కీ దీవులకు, ఏటా అక్టోబరులో వలస వచ్చి ఏప్రిల్‌లో వెళ్లిపోయే బార్నకిల్ బాతు గూడు కట్టడం గాని, గుడ్డు పెట్టడం గాని మధ్యయుగంలో అక్కడివారెవరూ చూడలేదు. అది సముద్రంలో కొట్టుకువచ్చే దుంగలకు కాస్తుందని వారు నమ్మేవారు.

1185లో రాకుమారుడు జాన్ వెంట ఐర్లండ్ వెళ్లిన వేల్స్ మతాచార్యుడు గెరాల్డ్, ఒకే దుంగకు వెయ్యికి పైగా పక్షిపిండాలు గుల్లల్లో వేలాడుతుండగా కళ్లారా చూశానని, అవి ముక్కులతో దుంగను పట్టుకుని ఉంటాయని రాశాడు. ఆయన అబద్ధమాడలేదు. అలల తాకిడికి ఒడ్డుకు చేరిన అలాంటి దుంగను దగ్గరగా పరిశీలిస్తే, పక్షి మెడలాంటి నల్లని మెత్తటి కాడలు, వాటి కొసన ఐదేసి తెల్లని పలకలు కూడిన గుల్లలు, పలకల సందులోంచి తడిసిన ఈకల్లా వంకీలు తిరిగిన ఆరు జతల నూగు కాళ్లు కనిపిస్తాయి. అది గూస్ బార్నకిల్ అనే జీవి. దాని కాడ నిజంగానే తల ముందుభాగం సాగి ఏర్పడినదే. తలతో అతుక్కుని, కాళ్లతో నీటిలోని సూక్ష్మజీవులను వడగట్టి తింటుంది.

మాంసం నుంచి పుట్టలేదు కనుక ఈ బాతు మాంసం కాదంటూ ఐర్లండ్‌లో కొన్నిచోట్ల బిషప్పులు ఉపవాస దినాల్లో దీన్ని తినేవారట. ఆదాము కూడా మాంసం నుంచి పుట్టలేదు కదా, అతని తొడ తిన్నవాడు మాంసం తిననట్టేనా అని గెరాల్డ్ నిలదీశాడు. వింతను నమ్ముతూనే తర్కాన్ని విడవని ఈ మనిషి నాకెంతో ఇష్టం. బడిలో ఇటువంటి కథలకు మూఢనమ్మకమని ముద్రవేసి వదిలేయకుండా, అప్పటివారి చేతికి అందని ఆధారమేదో పిల్లల చేతనే వెతికించాలి. ఇక్కడ ఆ ఆధారం తూర్పు గ్రీన్‌లాండ్ కొండచరియల మీద ఉంది. ఆ బాతులు గూళ్లు కట్టేది అక్కడే.

గుల్లల అసలు పుట్టుక మాత్రం ఐర్లండ్‌లోనే బయటపడింది. కార్క్‌లో సైనిక వైద్యుడిగా ఉన్న జాన్ వాన్ థాంప్సన్ 1826లో, సముద్రంలో ఈదుతున్న, కళ్లూ రెండు చిప్పలూ ఉన్న అతి చిన్న జీవులను పట్టి పాత్రలో ఉంచగా, అవి కొద్ది రోజుల్లో పాత్రకు అతుక్కుని, కళ్లను, చిప్పలను విడిచి బార్నకిల్స్‌గా మారాయి. సైప్రిస్ అనే ఈ దశలోని డింభకం మీసాలతో నడుస్తూ చోటును పరీక్షించి, నచ్చినచోట ఆ మీసాల నుంచే జిగురు స్రవించి శాశ్వతంగా స్థిరపడుతుంది. థాంప్సన్ ఈ సంగతి 1830లో ప్రచురించాక, అంతవరకు నత్తలు, ఆల్చిప్పల సరసన లెక్కవేసిన బార్నకిల్స్‌కు రొయ్యలు, పీతల వర్గంలో చోటు దక్కింది.