చల్లని పైకప్పు: డాబాల మీద విన్న అపోహలు, చూసిన వాస్తవాలు

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించినప్పటి నుంచి, ఇళ్ల పైకప్పులకు ఎండను తిప్పికొట్టే పూతలు వేసే మా పనికి గిరాకీ పెరిగింది, దానితో పాటే అపోహలూ పెరిగాయి. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర, అందులో ఒక్క హైదరాబాద్ పరిధిలోనే 200 చదరపు కిలోమీటర్ల మేర చల్లని పైకప్పులు ఉండాలన్నది ఆ విధానం పెట్టుకున్న లక్ష్యం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకూ, 600 గజాలు లేదా అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్లకూ ఇది తప్పనిసరి కాగా, అంతకన్నా చిన్న ఇళ్ల విషయం యజమానుల ఇష్టానికే వదిలారు. పనికి వెళ్లిన ప్రతి ఇంట్లోనూ వినబడే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఏది ఎంతవరకు నిజమో నాకు తెలిసినంతలో చెబుతాను.

అపోహ: తెల్లగా ఉంటే చాలు, సున్నమైనా ఒకటే, పెయింటైనా ఒకటే.

వాస్తవం: సున్నాన్ని నేను తీసిపారేయను. కొత్తగా కొట్టిన సున్నం ఎండను బాగానే తిప్పికొడుతుంది, ఖర్చూ తక్కువ. అయితే జిగురు కలిపి కొట్టినా ఒక వానాకాలం దాటేసరికి చాలా మటుకు కొట్టుకుపోతుంది కనుక ఏటేటా కొట్టే ఓపిక ఉండాలి. గోడలకు వేయగా మిగిలిన పెయింటును డాబా మీద పూయడం మాత్రం వృథా, ఎందుకంటే నీళ్లు నిలిచిన చోటల్లా అది పెచ్చులుగా లేస్తుంది.

అసలు గమనించవలసినవి రెండు గుణాలు. పడిన ఎండలో ఎంత భాగాన్ని పైకప్పు తిప్పి పంపుతుందన్నది ఒకటి, లోపలికి తీసుకున్న వేడిని ఎంత తేలికగా ఆకాశంలోకి వదులుతుందన్నది రెండోది. ఈ రెండో గుణాన్ని మరచిపోవడం వల్లనే చాలామంది వెండిలా మెరిసే అల్యూమినియం పెయింటును ఎంచుకుని మోసపోతారు. అది ఎండను కొంత తిప్పికొట్టినా, మిగిలిన వేడిని గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. మే నెల మధ్యాహ్నం ఎండలో ఉన్న స్టీలు బిందెను ముట్టుకున్నవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. నమ్మకం కుదరని ఇంట్లో నేను సగం డాబాకే పూత వేసి, మర్నాడు మిట్టమధ్యాహ్నం ఇంటాయన్ను చెప్పులు లేకుండా నడవమంటాను. పూత ఉన్న వైపు ఆయన నిలబడి మాట్లాడతారు, లేని వైపుకు వచ్చేసరికి పరుగెడతారు.

అపోహ: ఈ పూత వేస్తే ఇక ఏసీ అక్కరలేదు.

వాస్తవం: ఇంత మాట చెప్పి అమ్మేవారిని నమ్మవద్దు. 2017లో హైదరాబాద్‌లో అల్పాదాయ కుటుంబాలుండే 25 ఇళ్ల పైకప్పుల మీద చల్లదనాన్నిచ్చే పొరలు పరచి చూసినప్పుడు, ఇంటి లోపలి గాలి ఉష్ణోగ్రత సగటున 2 డిగ్రీల మేర తగ్గింది. రెండు డిగ్రీలేనా అని పెదవి విరిచేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పగలంతా ఎండను తాగిన కాంక్రీటు స్లాబు ఆ వేడిని వెంటనే కాక, కొన్ని గంటల తర్వాత, సరిగ్గా మనం పడుకునే వేళకు లోపలికి వదులుతుంది. రాత్రి పదకొండు గంటలకు ఫ్యాను కింద వేడి గాలి తగలడానికి కారణం బయటి వాతావరణం కాదు, నెత్తిమీది స్లాబే. ఆ స్లాబు అంతగా కాగకుండా ఉంటే, థర్మామీటరు చూపే తేడా కంటే శరీరానికి తెలిసే తేడా ఎక్కువగా ఉంటుంది. ఏసీ ఉన్నవారు దాన్ని 20కి బదులు 24 లేదా 26 దగ్గర పెట్టుకుని పడుకోగలుగుతారు, బిల్లులో ఆదా అక్కడి నుంచే వస్తుంది.

ఇదంతా పై అంతస్తుకే వర్తిస్తుందన్నది మరో నిజం. ఐదంతస్తుల అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు వారికి పైకప్పు పూతతో నేరుగా కలిగే మేలు ఏమీ లేదు, వారికి పడమటి గోడ మీద నీడే ముఖ్యం. అందుకే అసోసియేషన్ సమావేశాల్లో "పైవాళ్ల చల్లదనానికి మేమెందుకు కట్టాలి?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. డాబా అందరి ఉమ్మడి ఆస్తి కదా అని పైవాళ్లు అంటారు. ఆ పంచాయతీ తేలే లోపు ఎండాకాలం అయిపోయిన సందర్భాలు నాకు తెలుసు.

అపోహ: పూత వేస్తే లీకేజీ కూడా దానంతటదే ఆగిపోతుంది.

వాస్తవం: వేడిని తిప్పికొట్టే పూతలన్నీ నీటిని ఆపేవి కావు. కొన్ని రెండు పనులూ చేస్తాయి గానీ, అవి కూడా బాగు చేయని స్లాబు మీద నిలవవు. ఈ పాఠం నేను నా తప్పు వల్లనే నేర్చుకున్నాను. పనిలో కొత్తగా ఉన్న రోజుల్లో, ఇంటివారి తొందర చూసి, తడి పూర్తిగా ఆరని స్లాబు మీద రెండు పొరల పూత వేసేశాను. మొదటి నాలుగు ఎండలకే లోపలి చెమ్మ ఆవిరై పైకి తన్ని, పూత అప్పడంలా పొంగింది. దానంతటినీ గీకి, నా డబ్బుతో మళ్లీ వేయవలసి వచ్చింది. ఇప్పుడు మాకు పని దినాల్లో ఎక్కువ భాగం పూతకు ముందే గడిచిపోతుంది. ముందు నాచు గీకి కడుగుతాం. తర్వాత బీటలను కొంచెం వెడల్పు చేసి నింపుతాం, పిట్టగోడ, స్లాబు కలిసే మూలను సిమెంటుతో గుండ్రంగా తిప్పుతాం. నీళ్లు కట్టి లోపల చెమ్మ దిగుతోందేమో చూస్తాం. చివరగా స్లాబును పూర్తిగా ఆరనిస్తాం. వీటిలో ఒక్కటి వదిలినా ఎంత ఖరీదైన పూతైనా దండగే.

అపోహ: ఒకసారి వేశాక వారంటీ ఉన్నన్నాళ్లూ దాని జోలికి వెళ్లనక్కరలేదు.

వాస్తవం: దుమ్ము పట్టిన తెల్లదనం తెల్లదనం కాదు. ఏటా ఎండలు ముదరక ముందే డాబాను చీపురుతో రుద్ది కడగాలి. ట్యాంకు పొర్లే చోట నాచు, పావురాలు వాలే చోట రెట్టలు ముందు చూసుకోవాలి.

అపోహ: చలికాలంలో ఇల్లు మంచుగడ్డలా మారుతుంది.

వాస్తవం: మన చలి కొద్ది వారాలదే, ఆ రోజుల్లో సూర్యుడు వాలుగా ఉండి డాబా మీద ఎండ తీవ్రత ఎలాగూ తగ్గుతుంది. హైదరాబాద్‌లో దీని గురించి దిగులు పడనక్కరలేదు.

అపోహ: 600 గజాలకు తక్కువైతే తప్పనిసరి కాదు కనుక, చిన్న ఇళ్లకు దీనితో పని లేదు.

వాస్తవం: అవసరం ఎక్కువగా ఉన్నది చిన్న ఇళ్లకే, మరీ ముఖ్యంగా రేకుల ఇళ్లకు. స్లాబుకున్న మందం రేకుకు లేదు కనుక ఎండ తగిలిన కాసేపటికే లోపల కొలిమిలా ఉంటుంది. పూత వేసినప్పుడు మార్పు కూడా ఆ రోజే తెలుస్తుంది. విధానాన్ని విడుదల చేసినప్పుడు చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలు అవుతుందని చెప్పారు. ఆ లెక్కన 60 గజాల ఇంటికి, అంటే దాదాపు 50 చదరపు మీటర్లకు, 15 వేల రూపాయలవుతుంది. రోజు కూలీ మీద బతికే కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు, ఇష్టానికి వదిలితే వారు వేయించుకోలేరని నా అభిప్రాయం. సున్నమైనా సరే, ఏటా మార్చిలో కొట్టుకోమని నేను వారికి చెబుతాను.

రేకుల మీద మీరే పని చేసుకునేటట్లయితే రెండు జాగ్రత్తలు తప్పవు. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, దాని దుమ్ము ఊపిరితిత్తులకు హానికరం. అందువల్ల పొడిగా ఉన్నప్పుడు గీకవద్దు, బాగా తడిపి మెత్తని బ్రష్‌తో మాత్రమే రుద్దండి. రెండోది, రేకు మధ్యలో కాలు పెడితే విరిగి లోపల పడతారు. కింద దూలం ఉన్న చోటే బోల్టులు బిగిస్తారు కనుక, ఆ బోల్టుల వరుస మీద చెక్క పలక పరచుకుని, తెల్లవారుజామునే, రేకు కాగక ముందే పని ముగించుకుని దిగండి.