పీవీ రాజకీయాన్ని మలిచిన పదిహేను నెలలు

పీవీ నరసింహారావు ఎవరివాడన్న గొడవ మళ్లీ మొదలైంది. భారతరత్న ఇచ్చింది మేమని బీజేపీ, ఆయన మా ప్రధాని అని కాంగ్రెస్, శతజయంతి ఘనంగా జరిపింది మేమని బీఆర్‌ఎస్ చెప్పుకుంటున్నాయి. ఎవరు మాట్లాడినా 1991 ఆర్థిక సంస్కరణలు, బాబ్రీ మసీదు కూలిన 1992 డిసెంబరు 6, 2004లో ఢిల్లీ కాంగ్రెస్ కేంద్ర కార్యాలయం గేటు బయటే ఆగిన ఆయన భౌతికకాయం దగ్గరే ఆగుతున్నారు. వంగర, నిజాం మీద పోరాటం, ఆయన నేర్చిన భాషలు అందరికీ తెలిసినవే కాబట్టి వాటిని వదిలేస్తున్నాను. ఆయన ముఖ్యమంత్రిగా ఉన్న పదిహేను నెలలు తెలియకపోతే ఢిల్లీ పీవీ అర్థం కాడు.

బూర్గుల రామకృష్ణారావు దగ్గర జూనియర్ లాయరుగా పనిచేసిన పీవీ 1957 నుంచి మంథని ఎమ్మెల్యే. 1971 లోక్‌సభ ఎన్నికల్లో ప్రత్యేక తెలంగాణ కోరిన తెలంగాణ ప్రజా సమితి ఇక్కడి 14 సీట్లలో 10 గెలిచాక, తెలంగాణ మనిషిని ముఖ్యమంత్రిని చేయక ఇందిరాగాంధీకి తప్పలేదు. సొంత వర్గమంటూ లేకపోవడం పీవీకి కలిసొచ్చింది. సెప్టెంబరు 30న ప్రమాణం చేశారు.

వర్గం లేని ఆ మనిషి నేరుగా భూమి జోలికి వెళ్లాడు. 1972లో ముందు సాగు భూముల అమ్మకాలు, బదిలీలకు అడ్డుకట్ట వేశారు. చట్టం వచ్చేలోగా పట్టాలు చేతులు మారిపోతాయని ఆయనకు బాగా తెలుసు. తర్వాత ఒక్కో కుటుంబానికి ఎంత భూమి ఉండొచ్చో పరిమితి పెట్టే సీలింగ్ బిల్లు తెచ్చారు. ఐదుగురున్న కుటుంబానికి నేల రకాన్ని బట్టి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు, అంతకు మించి ఉండకూడదు.

సరిగ్గా అప్పుడే, అక్టోబరు 3న, తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగాలు స్థానికులకే అనే నిజాం కాలపు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పే అంతిమమన్నట్టు పీవీ మాట్లాడారు. లాయరుగా అందులో తప్పు లేదు. కానీ రాజధానిలో తమకు ఉద్యోగాలు రావన్న టెన్షన్‌లో ఉన్న కోస్తా, రాయలసీమ విద్యార్థులను, ఎన్జీవోలను (నాన్ గెజిటెడ్ ఉద్యోగులను) ఆ మాట రెచ్చగొట్టింది. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం జై ఆంధ్ర ఉద్యమం అంటుకుంది. వాళ్ల భయం నిజమైనదే. అయితే ఆ ఉద్యమానికి అండగా నిలిచిన పెద్దల్లో సీలింగ్ వల్ల భూములు పోయేవాళ్లూ ఉన్నారు. పేదలకు భూమి పంచొద్దని సభలో లేచి అనలేనివాళ్లకు ముల్కీ గొడవ అందివచ్చిందని పీవీని సమర్థించేవాళ్లు చెబుతారు. నాకూ అదే సబబనిపిస్తుంది. ఉప ముఖ్యమంత్రి బి.వి. సుబ్బారెడ్డితో పాటు ఆంధ్ర మంత్రులు రాజీనామా చేశారు. 1973 జనవరిలో పీవీ దిగిపోయారు, రాష్ట్రపతి పాలన వచ్చింది. సీలింగ్ చట్టం 1975 జనవరి 1 దాకా అమల్లోకే రాలేదు.

ఆ తర్వాత ఆయన రాజకీయమంతా ఢిల్లీదే. 1984లో హన్మకొండలో ఓడి, మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి లోక్‌సభకు వెళ్లారు. 1991లో ప్రధాని అయ్యాక రాయలసీమలోని నంద్యాల ఉప ఎన్నికలో ఎన్టీఆర్ పోటీ పెట్టలేదు. ఒకప్పుడు ఆయన్ని దింపిన ప్రాంతమే 5 లక్షలకు పైగా మెజారిటీ ఇచ్చింది.

అయోధ్య విషయంలో ఆయనది చేతగానితనమని విమర్శకులు అంటారు. మసీదును కాపాడతామని యూపీలోని కళ్యాణ్ సింగ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు ఇచ్చిన హామీని నమ్మి ఆయన ఆగారు. కోర్టులో చెప్పిన మాటకు తిరుగుండదన్న 1972 నాటి లాయరే అక్కడా నాకు కనిపిస్తాడు. అక్కడ రాష్ట్రపతి పాలన పెట్టడానికి ముందే సిద్ధపడకపోవడంలో, 1973లో తాను దిగిపోయి రాష్ట్రపతి పాలన వచ్చిన అనుభవం పాలు ఉండే ఉంటుంది.

సంస్కరణల్లో మాత్రం 1972 పాఠం బాగా పనిచేసింది. పెద్ద మార్పును ఎదురుగా పెట్టి చూపితే అడ్డుకునేవాళ్లు పోగవుతారన్నదే ఆ పాఠం. పరిశ్రమల శాఖ ప్రధాని చేతిలోనే ఉంది. అయినా పరిశ్రమ పెట్టడానికి ప్రభుత్వ అనుమతి కావాలనే లైసెన్సుల విధానాన్ని చాలావరకు ఎత్తేసిన ప్రకటనను, 1991 జులై 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్‌కు కొన్ని గంటల ముందు, సహాయ మంత్రి పి.జె. కురియన్ చేత సభలో పెట్టించారు. మర్నాటి పేపర్లన్నీ బడ్జెట్ గురించే రాశాయి.