జీఐ పైపులో కప్ప కాలు

బోరు వేయించుకున్నవాళ్లందరికీ జీఐ పైపు తెలుసు. ఐ అంటే ఐరన్. జీ అంటే గాల్వనైజ్డ్, అంటే జింకు పూత పూసినదని నాకు తెలుసు. ఒకరోజు ఇంగ్లీషు పేపర్లో ఒక నాయకుడి ప్రసంగం జనాన్ని ‘గాల్వనైజ్’ చేసిందని చదివి ఆగిపోయాను. పైపుకు చేసేదీ, జనానికి చేసేదీ ఒకే క్రియ ఎలా అయింది?

ఆ మాట లుయీజీ గాల్వానీ పేరులోంచి వచ్చింది. ఆయన ఇటలీలోని బొలోన్యాలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించేవాడు. 1780లలో కోసిన కప్ప కాళ్ల మీద ప్రయోగాలు చేస్తుండగా, పక్కనున్న విద్యుత్ యంత్రంలో నిప్పురవ్వ లేచింది. సరిగ్గా అప్పుడే కత్తి మొన కప్ప నరానికి తగిలి ఉంది. చచ్చిన కాలు ఒక్కసారిగా తన్నుకుంది! ఆ తర్వాత కప్ప కాళ్లను ఇత్తడి కొక్కేలకు గుచ్చి ఇనుప కమ్మీలకు తగిలిస్తే, యంత్రం లేకపోయినా కొట్టుకున్నాయి. జంతువు ఒంట్లోనే కరెంటు ఉందని 1791లో ఆయన ప్రకటించాడు.

ఇటలీకే చెందిన మరో శాస్త్రవేత్త వోల్టా ఒప్పుకోలేదు. కరెంటు కప్పది కాదు, రెండు వేర్వేరు లోహాలది, కప్ప వాటి మధ్య తడి మాత్రమే అన్నాడు. జింకు, వెండి బిళ్లల మధ్య ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలు పెట్టి 1800లో తొలి బ్యాటరీని చూపించాడు. అది చూడకుండానే 1798లో గాల్వానీ పోయాడు. నాకు ఆయన మీద గౌరవం తగ్గలేదు. ఇవాళ మన గుండెకు ఈసీజీ తీసినప్పుడు కనిపించేది ఒంట్లోని కరెంటే కదా.

గాల్వానీ మేనల్లుడు అల్దీనీ 1803లో లండన్‌లో, ఉరితీసిన ఖైదీ శవానికి బ్యాటరీ తగిలించాడు. దవడ వణికింది, ఒక కన్ను తెరుచుకుంది. కదలికే లేనిదాన్ని అదిరిపడేలా చేసే ఆ పనికి గాల్వనైజ్ అన్న పేరు స్థిరపడింది. అక్కడినుంచి జనంలో చలనం తేవడం అన్న అర్థానికి ఎంతో దూరం లేదు.

మరి పైపు? ఇనుముకు జింకు పూతపెట్టే పద్ధతికి 1837లో ఫ్రాన్స్‌లో సోరెల్ అనే ఇంజనీరు పేటెంటు తీసుకున్నాడు. మన పైపుల్ని సుమారు 450 డిగ్రీల దగ్గర కరిగిన జింకులో ముంచి తీస్తారు. అందులో కరెంటు ఊసే లేదు కాబట్టి పేరు తప్పేమో అనుకున్నాను. కాదు. పూత గీసుకుపోయిన చోట చెమ్మ తగిలిందంటే జింకు, ఇనుము, మధ్యలో నీళ్లు. గాల్వానీ కమ్మీ దగ్గర ఉన్నదీ ఇలాంటి అమరికే. అక్కడ చిన్న కరెంటు పుడుతుంది. జింకు ఎలక్ట్రాన్లు వదులుకుంటూ తాను అరిగిపోతుంది, ఇనుము నిలుస్తుంది.

పాత జీఐ బకెట్ ఉంటే గీత పడ్డ చోట చూడండి. ఎర్రటి తుప్పుకంటే ముందు, చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తుంది. ఇనుము బదులు అరిగిపోయిన జింకు అది.