ఏడాది ఆగి నిరూపించుకోవాలా? సర్జరీకి ముందు నిరీక్షణ: అపోహలు - వాస్తవాలు

ట్రాన్స్‌జెండర్ వ్యక్తులతో మాట్లాడి, సర్జరీకి అవసరమైన లెటర్ రాసివ్వడం మానసిక వైద్యురాలిగా నా పనిలో పెద్ద భాగం. ఈ మధ్య ఒకే వారంలో ముగ్గురు ఒకే ప్రశ్నతో వచ్చారు. "మేడమ్, నాకింకా ఏడాది నిండలేదు, ఫర్వాలేదా?" అడిగేటప్పుడు ఒకరి చేతులు వణుకుతున్నాయి. ఎవరో చెప్పగా విన్న మాట మనుషుల్ని ఇంత టెన్షన్ పెడుతుంటే ఊరుకోలేక ఇది రాస్తున్నాను. ఇదంతా పెద్దవాళ్ల గురించే. పద్దెనిమిది నిండనివాళ్ల విషయంలో నియమాలు వేరు.

అపోహ: ఏడాది పాటు తమదని చెప్పే జెండర్‌లో బతికి చూపిస్తేనే సర్జరీ చేస్తారు.

ఒకప్పుడు ఇది నిజమే. ఈ రంగంలో తొలితరం డాక్టరైన హ్యారీ బెంజమిన్ పేరు పెట్టుకున్న వైద్యుల సంఘం 1979లో తొలిసారి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చికిత్సా ప్రమాణాలు రాసింది. ఆ అంతర్జాతీయ సంఘాన్నే ఇప్పుడు డబ్ల్యూపాత్ అంటున్నాం. ఇలా బతికి చూపడాన్ని 'రియల్ లైఫ్ టెస్ట్' అనడం ఆ కాలం నాటిది. 2011లో వచ్చిన ఆ ప్రమాణాల ఏడో కూర్పులో కూడా జననాంగాల పునర్నిర్మాణానికి ముందు 12 నెలలు ఆ జెండర్‌లోనే జీవించి ఉండాలని, రెండు లెటర్లు కావాలని ఉంది. 2022 సెప్టెంబరులో వచ్చిన ఎనిమిదో కూర్పు పెద్దవాళ్లకు ఆ షరతు తీసేసింది. ఒక్క లెటర్ చాలంది. ఇప్పుడు చూడమనేవి వేరే: తమ జెండర్ గురించిన భావన స్పష్టంగా, నిలకడగా ఉందా, సర్జరీ అంటే ఏమిటో అర్థం చేసుకుని ఒప్పుకునే స్థితిలో ఉన్నారా, పిల్లలు పుట్టే అవకాశం పోతుందని తెలుసా, ఫలితాన్ని దెబ్బతీసే ఆరోగ్య సమస్యలేమైనా ఉన్నాయా.

అయినా కొన్ని ఆసుపత్రులు, ఇన్సూరెన్స్ కంపెనీలు పాత నిబంధననే పట్టుకుని కూర్చుంటాయి. అందుకే ఎవరైనా "ఏడాది ఆగాలి" అంటే, అది ఎవరి నిబంధనో, ఎక్కడ రాసి ఉందో అడగండి. చాలాసార్లు అది ఎక్కడా రాసి ఉండదు.

కొన్నేళ్ల కింద ఒకావిడ నా బల్ల మీద లావుపాటి ఫైల్ పెట్టింది. పన్నెండు నెలల ఫొటోలు, రోజుకొకటి, తేదీలతో సహా. ఆడవాళ్ల బట్టల్లో ఉద్యోగానికి వెళ్లినందుకు ఉద్యోగం పోయింది, అద్దె ఇల్లు ఖాళీ చేయించారు. అవన్నీ భరించింది పరీక్ష పాసవ్వాలని. నేను ఆ ఫైల్ తెరవలేదు. "వెంట్రుకలు తీయించుకోవడం మొదలుపెట్టారా?" అని అడిగాను. ఆమె అయోమయంగా చూసింది. సర్జన్ వాడే పద్ధతిని బట్టి, వజైనోప్లాస్టీలో, అంటే యోనిని నిర్మించే సర్జరీలో, లోపలికి వెళ్లే చర్మం మీద వెంట్రుకలు శాశ్వతంగా తీసేయాలి. లేకపోతే తర్వాత అవి లోపల పెరుగుతాయి, అప్పుడు తీయడం చాలా కష్టం. వెంట్రుకలన్నీ ఒకేసారి పెరగవు కాబట్టి లేజరైనా, కరెంటుతో కుదుళ్లను కాల్చే ఎలక్ట్రాలసిస్ అయినా వారాల ఎడంతో చాలా సిట్టింగులు కావాలి. నెలలు పడుతుంది. ఏడాదంతా ఆగిన మనిషికి, ఆ ఏడాదిలో చేయాల్సిన పని ఒక్కరూ చెప్పలేదు! అసలు నిరీక్షణ ఆ రోజు నుంచి మొదలైంది.

ఇంకో నష్టం ఉంది, అది నన్ను మరీ బాధపెడుతుంది. డాక్టర్ ఎగ్జామినర్ అయిపోతే పేషెంటు నిజం దాస్తాడు. రొమ్ములు తీసే ఛాతీ సర్జరీ చేయించుకున్న ఒక ట్రాన్స్ పురుషుడు (పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాసిన మగవాడు) తన సిగరెట్ల సంగతి నాకూ చెప్పలేదు, సర్జన్‌కూ చెప్పలేదు. చెబితే లెక్క మళ్లీ మొదటికొస్తుందని స్నేహితులు భయపెట్టారట. నికోటిన్ వల్ల రక్తనాళాలు సన్నబడతాయి, కోసి కుట్టిన చర్మానికి రక్తం సరిగా అందదు. అతని చనుమొనల్లో ఒకటి నల్లబడి చచ్చిపోయింది. కొన్ని వారాలు ముందుగా సిగరెట్ మానేసి ఉంటే ఆ ప్రమాదం చాలావరకు తగ్గేది.

అపోహ: అయితే ఆగాల్సిన పనే లేదు.

ఉంది. శరీరానికి పట్టే టైమ్ శరీరానికి పడుతుంది. హార్మోన్లు కావాలనుకునేవాళ్లు వృషణాలు లేదా అండాశయాలు తీయించుకునే ముందు కనీసం ఆరు నెలలు వాటి మీద నిలకడగా ఉండాలని ఎనిమిదో కూర్పు సూచిస్తుంది. ఈస్ట్రోజెన్‌తో రొమ్ములు పూర్తిగా పెరగడానికి రెండు మూడేళ్లు పడుతుంది, తొందరపడి ఇంప్లాంట్ పెట్టించుకుంటే సైజు అంచనా తప్పవచ్చు. వీర్యం, అండాలు దాచుకోవాలంటే అది ముందే జరగాలి. ఈ గడువుల్లో ప్రతిదానికీ ఒక కారణం ఉంది, అడిగితే సర్జన్ చెప్పగలగాలి. కారణం చెప్పలేని గడువుకు నేను ఒప్పుకోను.

అపోహ: ఎంత ఎక్కువ ఆపితే పశ్చాత్తాపం అంత తగ్గుతుంది.

2021లో 27 అధ్యయనాలను, దాదాపు 7,900 మందిని కలిపి చూసిన సమీక్షలో పశ్చాత్తాపపడినవాళ్లు సుమారు ఒక శాతం. ఆమ్‌స్టర్‌డామ్ క్లినిక్‌కి 1972 నుంచి 2015 దాకా వచ్చిన 6,793 మంది రికార్డులు చూస్తే, వృషణాలు లేదా అండాశయాలు తీయించుకున్నవాళ్లలో పశ్చాత్తాపం ట్రాన్స్ మహిళల్లో 0.6 శాతం, ట్రాన్స్ పురుషుల్లో 0.3 శాతం. నిజాయితీగా ఒక మాట చెప్పాలి. వీళ్లలో చాలామంది పాత షరతుల కాలంలో సర్జరీ చేయించుకున్నవాళ్లు, కొందరు తర్వాత ఫాలోఅప్‌కి రాలేదు. కాబట్టి ఈ అంకెలతో నిరీక్షణ పనికిరాదని తేల్చలేం. నిరీక్షణ వల్లే పశ్చాత్తాపం తగ్గిందనీ తేల్చలేం. నా దగ్గరికి బాధతో తిరిగొచ్చిన కొద్దిమందిలో నేను చూసింది మాత్రం సర్జరీ సరిగా కుదరకపోవడం, ఇంట్లోవాళ్లు వెలివేయడం, ఫలితం ఎలా ఉంటుందో ముందు ఎవరూ విడమరచి చెప్పకపోవడం.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ట్రాన్స్‌జెండర్‌గా ఉండటం మానసిక రోగమా? కాదు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న వ్యాధుల జాబితా ఐసీడీ-11లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తీసి లైంగిక ఆరోగ్యం కిందికి మార్చింది. డిప్రెషన్ ఉంటే లెటర్ ఇవ్వరా? ఇస్తారు. చికిత్స తీసుకుంటూ, నిర్ణయం తీసుకోగల స్థితిలో ఉంటే చాలు. హార్మోన్లు వాడకపోతే ఛాతీ సర్జరీ చేయరా? ట్రాన్స్ పురుషులకు ఏడో కూర్పులోనే ఆ షరతు లేదు.

మరి, ఇంకా తేల్చుకోనివాళ్ల సంగతి? వాళ్లకు కావాల్సినంత టైమ్ ఇవ్వాలి, అది వాళ్లు అడిగి తీసుకునేదిగా ఉండాలి. పోయినసారి ఒకమ్మాయి తేదీ ఖరారయ్యాక వచ్చి, తల దించుకుని, "మేడమ్, భయంగా ఉంది. వద్దని కాదు. ఇంకా కొన్ని వారాలు కావాలి. ఇలా అన్నానని నా లెటర్ వెనక్కి తీసుకుంటారా?" అని అడిగింది. తీసుకోనని చెప్పి, తన ఎదురుగానే సర్జన్‌కి ఫోన్ చేసి తేదీని ఆరు వారాలు వాయిదా వేయించాను.