పదకొండైనా వేడెక్కని ఇల్లు

సంక్రాంతికి ముందు రోజుల్లో నల్గొండ పాతబస్తీలోకి పొద్దున పదకొండు గంటలకు వెళ్తే పెద్దవాళ్లు ఇళ్లల్లో కనిపించరు. అరుగుల మీద, వాకిట్లో కుర్చీలేసుకుని ఎండకు కూర్చుంటారు. బయట స్వెటర్ తీసేసేంత వెచ్చదనం వచ్చేస్తుంది కానీ, లోపల కాలు పెడితే బండలు జిల్లుమంటాయి. రాత్రి రెండు గంటలు రూమ్ హీటర్ పెట్టినా, ఆపిన కాసేపటికే గది మళ్లీ మొదటికొస్తుంది. హీటర్ పాడైందని షాపుకు పట్టుకెళ్లేవాళ్లూ ఉంటారు. అక్కడ అది బాగానే పనిచేస్తుంది. మరి అది ఇచ్చిన వేడి ఎటు పోయినట్టు?

పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గదిని తీసుకుందాం. అందులోని గాలి బరువు సుమారు 49 కిలోలు. కిలో గాలి ఒక డిగ్రీ వేడెక్కడానికి 1 కిలోజౌల్ సరిపోతుంది. ఐదు డిగ్రీలు పెరగాలంటే మొత్తం గాలికి 245 కిలోజౌల్స్ కావాలి. 2000 వాట్ల హీటర్‌కు అది రెండు నిమిషాల పని. ఇప్పుడు గోడల సంగతి చూద్దాం. గదికి నాలుగు వైపులా పాత పద్ధతిలో అడుగున్నర మందం రాతి గోడలుంటే వాటి బరువు 50 టన్నుల దాకా వస్తుంది. కిలో రాయి ఒక డిగ్రీ వేడెక్కడానికి 0.8 కిలోజౌల్ పడుతుంది. ఆ 50 టన్నులు ఐదు డిగ్రీలు పెరగాలంటే 2 లక్షల కిలోజౌల్స్, అంటే 55 యూనిట్ల కరెంటు. అదే హీటర్ ఆపకుండా 28 గంటలు తిరగాలి, అదీ వేడి ఏమాత్రం బయటికి పోకుండా ఉంటే. పైన స్లాబ్ ఉంటే అది ఇంకో నాలుగు టన్నులు.

కాబట్టి రాత్రి హీటర్ వేడెక్కించింది గాలిని మాత్రమే. స్విచ్ తీయగానే గాలి తన వేడిని గోడలకు ఇచ్చేసి చల్లబడుతుంది. హీటర్ నడుస్తున్నప్పుడు కూడా పూర్తి సుఖం ఉండదు, ఎందుకంటే మన ఒంటి వేడి గాలిలోకే కాదు, ఎదురుగా ఉన్న చల్లని గోడల వైపు కిరణాల రూపంలోనూ పోతుంటుంది. గాలి 25 డిగ్రీలు, గోడలు 19 ఉంటే మనకు తెలిసేది దాదాపు 22. థర్మామీటర్ బాగానే చూపిస్తున్నా చలి తగ్గలేదనే మాట అబద్ధం కాదన్నమాట.

రాయికి ఇంకో గుణం ఉంది. వేడిని తీసుకున్నా ఆలస్యంగా లోపలికి పంపిస్తుంది. అడుగున్నర రాతిగోడ బయటి ముఖం మధ్యాహ్నం రెండింటికి బాగా కాగితే, ఆ వేడి లోపలి ముఖానికి చేరడానికి తొమ్మిది పది గంటలు పడుతుంది. అప్పటికి అర్ధరాత్రి కావస్తుంది, వేడి కూడా బాగా పలచబడి ఉంటుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడకు ఆ ఆలస్యం ఆరేడు గంటలు, ఐదంగుళాల స్లాబ్‌కు మూడు నాలుగు గంటలు. పొద్దుగూకాక లతీఫ్ సాహెబ్ గుట్ట మీద రాయిని ముట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉండేది ఈ గుణం వల్లే. డిసెంబర్, జనవరిల్లో ఇక్కడ పగటికీ రాత్రికీ 12–15 డిగ్రీల తేడా మామూలే. రాతి ఇల్లు ఆ ఎగుడుదిగుళ్లను పట్టించుకోకుండా రోజంతా సగటు దగ్గరే ఆగిపోతుంది. తెల్లవారుజామున అది వరం, పదకొండింటికి విసుగు. రేకుల ఇంటిది దీనికి పూర్తిగా వ్యతిరేకం: గంటలో కాగుతుంది, గంటలో చల్లారుతుంది.

మీ ఇంటి జబ్బు గోడల బరువేనా, ఇంకేదైనానా అని తేల్చుకోవడం కష్టం కాదు. గోడకు తగిలించే మామూలు థర్మామీటర్లు రెండు తెచ్చి ఒకటి గదిలో, ఒకటి బయట నీడలో పెట్టండి. (కరోనా రోజుల్లో కొన్న నుదుటి గన్‌తో ఈ పని కాకపోవచ్చు. చాలావాటికి ఒంటి వేడి దగ్గరి అంకెలే తెలుసు.) పొద్దున ఆరింటికి, పదకొండింటికి, సాయంత్రం నాలుగింటికి, రాత్రి తొమ్మిదింటికి రెండూ చూసి రాసుకోండి. బయట అంత మారుతున్నా లోపల రెండు మూడు డిగ్రీలకు మించి కదలకపోతే అది బరువు. తెల్లవారుజామున లోపల కూడా బయటంత చల్లబడుతుంటే ఎక్కడో సందు ఉంది, లేదా పైకప్పు పలచగా ఉంది.

సందులు వెతకడానికి అగరువత్తి కంటే మంచి పరికరం లేదు. ఫ్యాన్ ఆపి, వెలిగించిన వత్తిని దర్వాజ కింద, కిటికీ రెక్కల అంచున, బాత్రూమ్ అద్దాల పలకల దగ్గర పట్టుకోండి. పొగ అడ్డంగా కొట్టుకుపోయిన చోటే గాలి దారి. పాత ఇళ్లలో పైనుండే వెంటిలేటర్లది పెద్ద వాటా, ఎందుకంటే వేడిగాలి పైకే పోతుంది. ఆ రెండు నెలలు వాటికి అట్టముక్క అడ్డం పెట్టొచ్చు. అయితే ఒక సంగతి. గదిలో బొగ్గుల కుంపటి పెట్టే అలవాటుంటే మాత్రం ఏ సందూ మూయొద్దు. అసలు మూసిన గదిలో కుంపటే వద్దు. సగం కాలిన బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉన్నవాళ్లకూ ఇదే మాట: అక్కడి వెంటిలేటర్ జోలికి పోవద్దు.

ఎవరూ అనుమానించని దొంగ నీళ్లు. తెల్లవారగానే బండలు కడగడం మన ఇళ్లలో పద్ధతి. ఒక లీటరు నీరు ఆవిరి కావాలంటే దాదాపు 2400 కిలోజౌల్స్ కావాలి. గదిలో గాలినంతా ఐదు డిగ్రీలు వేడెక్కించే వేడికి ఇది పది రెట్లు. ఆ వేడి బండల నుంచీ గాలి నుంచీ పోవలసిందే. తుడిచాక నేల మీద అర లీటరు తడి మిగిలినా చిన్న లెక్కేమీ కాదు. కడగడం మధ్యాహ్నానికి మార్చుకుంటే ఖర్చు లేకుండా తేడా తెలుస్తుంది. కొత్తగా కట్టిన ఇల్లు మొదటి చలికాలం మరీ చల్లగా ఉండటానికీ ఇదొక కారణం. క్యూరింగ్‌కు కొట్టిన నీళ్లు ఇంకా గోడల్లోంచి ఆరుతూనే ఉంటాయి.

కిటికీల వేళలు కూడా మనం తలకిందులుగా పాటిస్తున్నాం. ఆరింటికే అన్నీ బార్లా తెరుస్తాం, పది దాటాక దుమ్మొస్తుందని మూసేస్తాం. చలికాలంలో బయటి థర్మామీటర్ లోపలి దాన్ని దాటాకే తెరవాలి, సాయంత్రం ఐదు కాకముందే మూయాలి. ఆ ఐదారు గంటలు వెచ్చని గాలి గోడలను తాకుతూ పోతుంటే వాటి లోపలి ముఖమైనా కొంత వేడెక్కుతుంది. హీటర్ చేయలేని పని ఎండపూట గాలి ఉచితంగా చేస్తుంది.

హీటర్ల రకాల గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. ఆయిల్‌దైనా, బ్లోయర్ అయినా, ఎర్రగా వెలిగేదైనా 2000 వాట్లు తీసుకుంటే 2000 వాట్ల వేడే ఇస్తుంది. బరువైన ఇంట్లో మాత్రం ఎర్రగా వెలిగేదే మేలు. గాలితో పని లేకుండా ఎదురుగా కూర్చున్న మనిషికే వేడి తగిలిస్తుంది.

అంతకంటే మేలు గొంగడి. షాబాద్ బండ, దాని పక్కన చెక్కపీట ఒకే గదిలో ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నా బండే చల్లగా తోస్తుంది, ఎందుకంటే అది కాలి వేడిని వేగంగా లాగేస్తుంది. కదలని గాలి గ్రానైట్ కంటే దాదాపు వంద రెట్లు తక్కువగా వేడిని పోనిస్తుంది. పాలమూరు కురుమలు గొర్రె ఉన్నితో నేసే గొంగడి నిండా ఉన్నది అలా చిక్కుకున్న గాలే. ఒంటికి కప్పుకున్నా, మంచం పక్కన నేల మీద పరుచుకున్నా యూనిట్లు కాలవు.

ఎండాకాలంలో స్లాబ్‌కు తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయించినవాళ్లకు ఇల్లు ఈసారి మరింత చల్లగా అనిపించొచ్చు. 2023లో రాష్ట్ర ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చాక ఇది ఊళ్లలోనూ కనిపిస్తోంది. ఆ పెయింట్ జనవరి ఎండను కూడా వెనక్కి కొడుతుంది. రాత్రి మబ్బులేని ఆకాశం వైపు స్లాబ్ తన వేడిని వదులుతూ చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడటం మాత్రం రంగు లేకపోయినా జరిగేదే. మబ్బు పట్టిన రాత్రి చలి తక్కువగా ఉండేది అందుకే. ఆ రంగు గీకించొద్దు. నా లెక్కలో మే నెల సెగకు జనవరి చలి ఏ మూలకూ రాదు.

ఇక ఎండ. డిసెంబర్‌లో సూర్యుడు ఆగ్నేయం వైపు జరిగి ఉదయిస్తాడు, మధ్యాహ్నం కూడా నల్గొండలో సుమారు 50 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు, రోజంతా దక్షిణం వైపే ఉంటాడు. వాస్తు పేరుతో దక్షిణాన కిటికీలు పెట్టని ఇల్లు ఆ ఎండను గోడ బయటే ఆపేస్తుంది. దక్షిణం పక్కన 30 అడుగుల బిల్డింగ్ లేస్తే పొద్దున తొమ్మిదింటికి దాని నీడ 50 అడుగులకు పైగా పరుచుకుంటుంది, మధ్యాహ్నానికి 26 అడుగులకు తగ్గుతుంది. కాబట్టి అటువైపు ఖాళీ జాగా ఎంతుందో చూసుకున్నాకే కిటికీ సంగతి. దక్షిణపు కిటికీతో ఎండాకాలం ఇబ్బందని భయపడేవాళ్లు ఒకటి గమనించాలి. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నెత్తికి ఉత్తరాన ఉంటాడు, ఆ కిటికీలోకి చూడనే చూడడు. మార్చి చివర, ఏప్రిల్‌లలో కూడా ఒకటిన్నర అడుగు సజ్జ ఉంటే నాలుగడుగుల కిటికీ మధ్యాహ్నం మొత్తం నీడలో ఉంటుంది. డిసెంబర్‌లో అదే సజ్జ కింద రెండడుగులకు పైగా ఎండ లోపలికి వస్తుంది. మేస్త్రీలకు రెండడుగుల సజ్జ అలవాటు, అందుకని దక్షిణం వైపు ఒకటిన్నరే అని సెంట్రింగ్ కొట్టకముందే చెప్పాలి.