లేబుల్ లేని పొడి, వారానికో ఇంజెక్షన్: బరువు తగ్గడంపై అపోహలు - వాస్తవాలు

కొన్నాళ్ళ క్రితం ఒకే ఉదయం ఇద్దరు వచ్చారు. మొదటి ఆవిడకు 54 ఏళ్ళు. ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. పదేళ్ళుగా షుగరు, నాలుగు మెట్లెక్కితే మోకాళ్ళు పట్టేస్తాయి. కూర్చుంటూనే, "మేడమ్, ఇంజెక్షన్లూ గింజెక్షన్లూ నాకొద్దు, న్యాచురల్‌గా తగ్గే దారి చెప్పండి" అన్నారు. ఆవిడ వెళ్ళిన పావుగంటకు ఒక కుర్రాడు వచ్చాడు. మూడు నెలల్లో పెళ్ళి, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 24. "ఆ వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్ రాసివ్వండి మేడమ్, షేర్వాణీ పట్టాలి" అన్నాడు.

మందు అవసరమైనవారు వద్దంటారు, అక్కర్లేనివారు రాయమంటారు. తిరుపతిలో ఫిజీషియన్‌గా రోజూ చూసే తిరకాసు ఇదే. ఈ మందులను సాధారణంగా బీఎంఐ 30 దాటినవారికి, లేదా 27 దాటి షుగరు, బీపీ వంటివి ఉన్నవారికి రాస్తాం. కుర్రాడికి షేర్వాణీ కుట్టేవారితో మాట్లాడుకోమని చెప్పి పంపాను.

అపోహ: సహజమైనదైతే హాని చేయదు

ఇంకొకావిడ సంచి అడుగు నుంచి ప్లాస్టిక్ కవరు తీసి నా బల్ల మీద పెట్టారు. లోపల పచ్చగా, కాస్త మట్టిరంగు కలిసిన పొడి. పేరు లేదు, తయారీ తేదీ లేదు, కవరు మూతికి రబ్బరు బ్యాండు. వదినగారికి తెలిసినవాళ్ళు ఇచ్చారట. రాత్రి గోరువెచ్చని నీళ్ళలో ఒక చెంచా. ఇరవై రోజుల్లో నాలుగు కిలోలు తగ్గారు. మరి నా దగ్గరకెందుకు వచ్చారంటే, పిక్కలు పట్టేస్తున్నాయి, మెట్లెక్కుతుంటే కళ్ళు తిరుగుతున్నాయి.

"రోజుకు ఎన్నిసార్లు విరేచనం అవుతోందమ్మా?"

"అయిదారు సార్లు మేడమ్. కడుపు బాగా శుభ్రమవుతోంది."

రక్తపరీక్షలో పొటాషియం 2.8 వచ్చింది. 3.5 కంటే తగ్గకూడదు. పొడి వాసన చూస్తే సునాముఖి అనిపించింది. మలబద్ధకానికి నాలుగు రోజులు వాడుకోవడానికి మంచి ఆకే. అయితే అది పనిచేసేది పెద్దపేగు మీద. అన్నంలోని పిండి, నూనెలోని కొవ్వు అంతకుముందే చిన్నపేగులో ఒంటికి పట్టేసి ఉంటాయి. బయటకు పోయేది నీరు, లవణాలు. పొడి ఆపించి, పొటాషియం సరిచేశాక వారంలోనే మూడు కిలోలు తిరిగొచ్చాయి. "మీ మందులకే మళ్ళీ పెరిగాను" అని ఆవిడ ఇప్పటికీ అంటారు!

సునాముఖితో పోతే అదృష్టమే. సిబుట్రమిన్ అని ఆకలి చంపే మాత్ర ఒకటి ఉండేది. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతోందని తేలడంతో 2010లో యూరప్‌లో, అమెరికాలో ఆపేశారు, 2011లో మన దేశంలోనూ నిషేధించారు. ఆ తర్వాత 'మూలికా' పొడులనీ, టీలనీ అమ్మే సరుకులో అదే మందు రహస్యంగా కలిపి ఉన్నట్టు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పరీక్షల్లో పదేపదే బయటపడింది. ఆయుర్వేదం మీద నాకేమీ కోపం లేదు. మన ఊళ్ళోనే ఎస్వీ ఆయుర్వేద ఆసుపత్రి ఉంది, వెళ్ళి చూపించుకోండి. రబ్బరు బ్యాండు వేసిన పొడి మాత్రం ఏ వైద్యంలోనూ మందు కాదు.

అపోహ: ఇంజెక్షన్ అంటే ఒట్టి కెమికల్, ఒంటికి పరాయిది

వారానికోసారి వేసుకునే ఆ ఇంజెక్షన్లలో ఒకటైన సెమాగ్లుటైడ్ అనుకరించేది మన పేగులోనే పుట్టే జీఎల్‌పీ-1 అనే హార్మోనును. భోజనం లోపలికి వెళ్ళగానే అది విడుదలై మెదడుకు 'చాలు' అని చెబుతుంది, కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది. చిక్కల్లా అది రక్తంలో రెండు నిమిషాలకే సగానికి తగ్గిపోవడం. దాన్నే కొద్దిగా మార్చి వారమంతా నిలిచేలా చేశారు. ఇలాంటిదే మరో ఇంజెక్షన్ తిర్జెపటైడ్ దీనితోపాటు ఇంకో పేగు హార్మోను పనిని కూడా చేస్తుంది. ఈ కోవలో 2005లో మొదట వచ్చిన ఎక్సెనటైడ్‌కు మూలం గీలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి లాలాజలం! 'సహజం' అన్న మాటకు అంతకంటే ఏం కావాలి? ఎక్కడి నుంచి వచ్చిందన్నది చూస్తే ఏదీ తేలదు. ఎంత మోతాదు, ఎవరికి అన్నవే చూడాలి.

అపోహ: అన్నం మానేసి సంగటి తింటే తగ్గిపోతాం

చిత్తూరు వైపువారి ముందు ఈ మాట తేవాలంటే భయమే, నేనూ సంగటి తిని పెరిగినదాన్నే. కానీ లెక్క చూడండి. వంద గ్రాముల బియ్యంలో సుమారు 355 కేలరీలు, వంద గ్రాముల రాగి పిండిలో సుమారు 320. తేడా అంతే. పైగా మన సంగటిలో బియ్యం నూక ఉండనే ఉంటుంది. ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి, పక్కన వేరుశనగ ఊరుబిండి, ఆదివారమైతే నాటుకోడి పులుసు. తాతగారు మూడు ముద్దలు తిన్నారంటే మడకతో చేను దున్నారు. మనం తిని ఏసీలో కూర్చుంటాం.

రాగుల గొప్పతనం వేరే చోట ఉంది. బియ్యంతో పోలిస్తే పీచు మూడు నాలుగు రెట్లు, కాల్షియం ఎన్నో రెట్లు. అందుకని ఒక ముద్ద, దాని చుట్టూ రెండు ముద్దలంత ఆకుకూర పప్పు పెట్టుకోండి. షుగరున్నవారు రాగి జావ విషయంలో జాగ్రత్త. పలుచటి జావ ఇట్టే అరిగి, షుగరును చకచకా ఎక్కిస్తుంది.

తేనె, నిమ్మరసం? ఒక పెద్ద చెంచా తేనె అంటే 60 కేలరీలు, అంతకుమించి అందులో మహిమ లేదు. ఉలవ కషాయం కొవ్వును కరిగించదు, ఉలవలు మంచి మాంసకృత్తులున్న తిండి, చారు చేసుకుని తినండి. చిత్తూరు బెల్లం రుచికి తిరుగులేదు, కేలరీల్లో చక్కెరకు అటూ ఇటే.

అపోహ: నెలకోసారి కొండెక్కితే చాలు

అలిపిరి నుంచి 3,550 మెట్లు. డెబ్బై కిలోల మనిషి ఎక్కితే నా లెక్కలో ఖర్చు వెయ్యి కేలరీలకు అటూ ఇటూ. కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కావాలి. దిగివచ్చాక తూకంలో కనిపించే తగ్గుదల చాలావరకు చెమటే. భక్తితో ఎక్కండి, మోకాళ్ళు, గుండె సహకరిస్తేనే ఎక్కండి. బరువు కోసమైతే యూనివర్సిటీ మైదానంలో వారానికి అయిదు రోజులు అరగంట చొప్పున నడవడం మేలు.

అపోహ: ఆపితే మళ్ళీ పెరుగుతాం, కాబట్టి మందు దండగ

మొదటి సగం నిజం. 2021లో వెలువడిన పెద్ద పరీక్షలో సెమాగ్లుటైడ్ వాడినవారు 68 వారాల్లో సగటున 15 శాతం తగ్గారు. ఆపిన ఏడాదికి, తగ్గిన దానిలో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరుగుతుంది, దాన్ని మాత్ర తప్పు అనం కదా. డైటింగ్ ఆపినా ఇదే కథ. అందుకే రాసే ముందే అడుగుతాను: కొన్నేళ్ళు వాడాల్సి వస్తే ఖర్చు భరించగలరా? మూడు నెలలకు సరిపడా డబ్బే ఉంటే మొదలుపెట్టవద్దంటాను.

మందు వాడేవారు తిండి, నడక సంగతి వదిలేయవచ్చు అనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. తగ్గే బరువులో కొంత కండ కూడా పోతుంది. పప్పు, గుడ్డు, పెరుగు తగినంత తినకపోతే, కాస్తయినా బరువులెత్తకపోతే అరవై ఏళ్ళ మనిషి కుర్చీలోంచి లేవడానికే ఇబ్బంది పడతారు. వికారం, వాంతులు, మలబద్ధకం మామూలే. పిత్తాశయంలో రాళ్ళు రావచ్చు. క్లోమం వాపు వచ్చినవారు, ఇంట్లో ఎవరికైనా మెడల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవారు ముందే చెప్పాలి. పిల్లల్ని కనాలనుకునేవారు సెమాగ్లుటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి.

ఇక నడక, తిండి మార్పుల వల్ల ఏమవుతుందంటే, బరువు తక్కువే తగ్గవచ్చు. కానీ షుగరు అంచున ఉన్నవారి మీద చెన్నైలో చేసి 2006లో ప్రకటించిన అధ్యయనంలో, ఆ మార్పులు చేసుకున్నవారిలో మధుమేహం రావడం మూడేళ్ళలో 28.5 శాతం తగ్గింది. తూకంలో పెద్ద తేడా లేకుండానే! తూకం యంత్రం మీద అలిగి నడక మానేసేవారికి ఈ సంగతి చెబుతుంటాను.

మొదటి ఆవిడ నాలుగు నెలలు తన పద్ధతిలోనే ప్రయత్నించారు. మూడున్నర కిలోలు తగ్గారు, మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.6 నుంచి 7.6కు దిగింది. మోకాళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. పోయిన వారం వచ్చి, చీర కొంగు సర్దుకుంటూ, "ఆ సూది బాగా నొప్పిగా ఉంటుందా మేడమ్?" అన్నారు. సూది చూపించాను, చాలా సన్నటిది. మందు నింపిన కొత్త ఇంజెక్షన్ పెన్నును ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య పెట్టాలని, ఫ్రీజర్‌లో వద్దని చెప్పాను. మన ఎండలకు భయపడి ఒకాయన ఐసు ట్రే పక్కన పెడితే గడ్డకట్టి, కొత్త పెన్ను పారేయాల్సి వచ్చింది.

"అయితే పెరుగు గిన్నె పక్కన పెడతాను" అన్నారు.